నాలుగు వేళ్ళ తేడా

రొమేనియా సరిహద్దులోని ఉంగేని స్టేషన్ షెడ్డులో అగ్లయా ఈల ఊదనిదే, పైకెత్తిన ఏ రైలు పెట్టె కూడా పట్టాల మీదికి దిగదు. జార్ల కాలంనాటి ఇవతలి పట్టాలు వెడల్పు, సరిహద్దు నది దాటాక రొమేనియా పట్టాలు ఇరుకు. తేడా ఎంతని అడిగినవాళ్ళకు ఆమె నాలుగు వేళ్ళు చూపిస్తుంది. ఆ నాలుగు వేళ్ళ కోసం ముప్పై ఏళ్ళుగా, ప్రయాణికులను లోపలే ఉంచి, పెట్టెల్ని జాకీలతో పైకెత్తించి చక్రాలు మార్పిస్తోంది. గ్రీజు మరకల కోటు, చెవి వెనక సుద్దముక్క, బుగ్గన పొద్దుతిరుగుడు గింజలు. అంత బరువు కింద నడుస్తున్నా ఆమె అడుగు తడబడదు.

మొన్న పైకెత్తిన పెట్టెలో ఇద్దరు పెద్దమనుషులు, మనకు మాస్కోయే దిక్కని ఒకరు, కాదు యూరప్ అని ఒకరు, కాలర్లు పట్టుకున్నారు. పెట్టె ఊగింది. కింద నలుగురు పనివాళ్ళున్నారు. అగ్లయా గింజ తొక్క ఉమ్మేసి తలెత్తింది.

"ఏం బాబూ, కుస్తీకి వేరే చోటే దొరకలేదా?"

"ముందు నువ్వు ఏ పక్కో చెప్పమ్మా!" అన్నాడొకడు, కాలరు వదలకుండానే.

"నేను కింది పక్క. నేను దించితేనే మీరు అటైనా ఇటైనా పోయేది. కూర్చోండి!"

ఇద్దరూ కూర్చున్నారు. చక్రాలు బిగించడం అయిపోయినా, చేతిలో గింజలు అయ్యేదాకా అగ్లయా ఈల ఊదలేదు.