అత్తా, అరువు కాసులపేరూ

"అత్త పోయింది, వెంటనే రా" అని మొన్న నగరి నుంచి టెలిగ్రాం వచ్చింది. అంత తక్కువ మాటల్లో తేలిపోయిన వ్యవహారం మా మేనత్త జీవితంలో అదొక్కటే.

సంతలో వంకాయలు కొన్నాక కొసరు కరివేపాకు కోసం ఆమె ఎంతసేపైనా నిలబడేది. "అడిగితే పోయేదేముండాది? లేదంటారు, అంతే గదా" అనేది. నేను తిరుపతిలో చదువుకుని ఇవాళ బడిలో పాఠాలు చెబుతున్నానంటే ఆ నోటి చలవే.

మా నాయన మగ్గం నేసేవాడు. కాలేజీవాళ్ళు నాకు ఫీజు మాఫీ చేశారు గానీ, హాస్టల్ ఖర్చు మమ్మల్నే కట్టుకోమన్నారు. కట్టలేకపోతే చదువు మానేసి ఇంటికి రావలసిందే. పరాయివాళ్ళ ముందు నాయనకు నోరు పెగలదు. "నేను పోయి అడిగొస్తా, నువ్వు మగ్గం సూసుకో" అని అత్త బయలుదేరింది.

అడగబోయే మనిషి అడుక్కునే మనిషిలా కనబడకూడదని ఆమె నమ్మకం. మెడలో పసుపుతాడు తప్ప ఏమీ లేని మనిషి, పక్కింటి పట్టుచీర కట్టుకుని, ఎదురింటి పెద్దమ్మ కాసులపేరు వేసుకుంది. ఆ పేరును ఒంటరిగా పంపడం ఇష్టంలేక పెద్దమ్మ కూడా మాతో బస్సెక్కింది. తిరుపతి దాకా కిటికీ బయటికి చూస్తే ఒట్టు, అత్త మెడవైపే చూసింది.

ప్రిన్సిపాల్‌గారు నా కాగితాలు చూసి, అత్తను చూసి, కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నారు.

"ఇంత బంగారం పెట్టుకున్నారు. మీకు సాయం దేనికమ్మా?"

అత్త తాపీగా తలుపువైపు తిరిగి పెద్దమ్మను పిలిచింది.

"అక్కా, లోపలికి రా. ఈ కాసులపేరు ఎవరిదో మేడమ్‌కు సెప్పు."

"నాదేనమ్మా," అంది పెద్దమ్మ. "సీర పక్కింటోళ్ళది. ఈ యమ్మకు సొంతంగా ఉండేది నోరొక్కటే."

ప్రిన్సిపాల్‌గారు నవ్వాపుకోలేకపోయారు. సగం ఖర్చు తగ్గిస్తామన్నారు.

"సగమంటే ఒకపూట పెట్టి ఒకపూట పస్తు పండబెడతారా మేడమ్?" అంది అత్త. మొత్తం మాఫీ అయ్యాకే కుర్చీలోంచి లేచింది. పెద్దమ్మ కాసులపేరును బస్టాండులోనే విప్పించుకుంది.

మొన్న నేను వెళ్ళేసరికి అత్తను వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు. నడుం వంగిపోయిన పెద్దమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చి, కొంగుముడి విప్పి, ఆ కాసులపేరే అత్త మెడలో వేసింది.

"ఏందిమా ఇది?" అన్నాడు పెద్దమ్మ కొడుకు.

"కొంచేపు ఉండనీరా. ఆడికి పోయినా ఏదో ఒకటి అడక్కుండా ఉండదు. బోసిమెడతో ఎట్లా పోతుంది?"

ఏడుస్తూ ఏడుస్తూనే అందరం నవ్వాం. పాడె లేపేదాకా పెద్దమ్మ పక్కనే కూర్చుని, ఆనాడు బస్సులోలాగే, అత్త మెడవైపే చూస్తూ ఉండిపోయింది.