ఎడమ పక్క చక్రం, రెండో రకం గన్ను

మా కారంపూడిలో ఒక ఆదివారం పొద్దున తొమ్మిదింటి నుంచి మధ్యాహ్నం రెండున్నర దాకా, వీధి వీధంతా చూస్తుండగా, ఎవరూ నన్ను బలవంతపెట్టకుండా, సొంత డబ్బులతో కొన్న పనిముట్టు పట్టుకుని, మా నాన్న లారీకి ఎంత చెరుపు చెయ్యొచ్చో అంతా చేశాను. పగవాళ్ళు కూడా అంత శ్రద్ధగా చెయ్యరు. ఎనభైల్లో మాట ఇది. ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ పూట నా మొహం చూసినవాళ్ళు మా ఇంట్లో ఎవరికో బాగాలేదనుకున్నారు.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. హెవీ లైసెన్సు వచ్చి రెండేళ్ళయింది. ఆ రెండేళ్ళూ దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని క్లీనరు సీట్లో కూర్చున్నాను. మా నాన్న నారాయణకి ఉన్నది ఒక్క లారీ. ఖాళీ బండైతే ఊరి బయటి దాకా తోలనిచ్చేవాడు. లోడు పడ్డదంటే మాత్రం "దిగు" అనేవాడు. రెండేళ్ళు అదే మాట. బతిమాలాను, అలిగాను, చివరికి అమ్మతో చెప్పించాను. అమ్మ మాట జవదాటని మనిషి ఈ ఒక్క విషయంలో మాత్రం చెవుడు తెచ్చుకునేవాడు.

అలాంటిది ఆ శనివారం అన్నం తింటూ తనంతట తనే కదిలించాడు. రేపు సాయంత్రం కోటయ్య మావ మిరపకాయలు గుంటూరు యార్డుకి పోవాలనీ, బండి నేను తోలాలనీ, తను పక్కన కూర్చుంటాడనీ చెప్పాడు. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కోటయ్య మావ మాకు చుట్టం కూడాను. ఏడాది పంట ఆయన ఇంకో లారీకి ఎక్కించేవాడు కాదు. అంత నమ్మకం ఉన్న లోడు నా చేతికి వస్తోందన్నమాట.

దానికి ముందు ఒక చిన్న పని అప్పజెప్పాడు. వెనక ఎడమ పక్క బయటి టైరు అరిగిపోయింది, అది తీసి స్టెప్నీ వేసి ఉంచమన్నాడు. తను పొద్దున బస్సుకి నర్సరావుపేటలో చుట్టాల గృహప్రవేశానికి పోయి మధ్యాహ్నానికి వస్తానన్నాడు. టైరు మార్చడం నాకు కొత్త కాదు. మా షెడ్డులో నేను వందసార్లు చేసిన పనే.

ఆ షెడ్డు గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఇంటి పక్కనే నాలుగు కొయ్యల మీద నిలబెట్టిన రేకుల కప్పు. లోపల గ్రీజు వాసన, డీజిలు వాసన, వాటి మధ్య ఏడాది పొడుగునా మిరపకాయల ఘాటు. ఎవరొచ్చినా ముందు తుమ్మి, తర్వాత మాట్లాడేవాళ్ళు. నాన్న అక్కడ నట్లు విప్పుతుంటే నాకు చూడబుద్ధయ్యేది. పంచె ఎగ్గట్టి, నట్టుకి పానా తగిలించి, దానికి పొడుగాటి రాడ్డు దూర్చి, ఆ రాడ్డు మీదెక్కి నిలబడి ఒక్క ఊపు ఊపేవాడు. నట్టు కిర్రుమనేది. ఆ చప్పుడు నాకిప్పటికీ చెవుల్లోనే ఉంది. కాకపోతే ఆ వయసుకి ఆయన మోకాలు కూడా నట్టుతో పాటు కిర్రుమనడం మొదలుపెట్టింది.

అందుకనే నేను గన్ను కొన్నాను. అంటే, అడిగినవాళ్ళకి చెప్పుకోడానికి ఆ కారణం బాగుంటుంది. అసలు సంగతి వేరే. ఆ ముందు నెలలో బెజవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డు ముందు నిలబడి, గాలితో నట్లు విప్పే గన్ను పని చేస్తుంటే చూశాను. ట్రర్ర్‌మంటే నట్టు ఊడి కుర్రాడి అరచేతిలో పడుతోంది. అది చూశాక నాకు రాత్రుళ్ళు నిద్రపట్టలేదు. మా ఊళ్ళో అలాంటిది ఎవడికీ లేదు. రెండేళ్ళుగా కూడబెట్టుకున్న డబ్బులు తీసుకుని బస్సెక్కాను.

పాత సామాన్ల కొట్టులో రెండు గన్నులున్నాయి. ఒకటి పెద్దది, గుమ్మడికాయంత బరువు. దాని ధర వినగానే చేతిలోంచి జాగర్తగా కింద పెట్టేశాను. రెండోది చిన్నది, నీలం రంగు కొత్తగా పూసి ఉంది, ధర నా జేబుకి సరిగ్గా సరిపోయింది. కొట్టాయన మంచివాడే. చిన్నది కార్లకి పనికొస్తది, లారీకి చాలదు బాబూ అని ముందే చెప్పాడు. పైగా ఏ గన్నుకైనా పెద్ద ట్యాంకున్న గాలి మిషను ఉండాలన్నాడు. మీకేం మిషనుందని కూడా అడిగాడు.

"ఉంది" అన్నాను గంభీరంగా. మా ఇంట్లో ఉన్నది కాలితో తొక్కే పంపు.

ఆయన దాని వెనకున్న చిన్న మీట చూపించి, ఇటు నొక్కితే బిగుస్తది, అటు నొక్కితే ఊడుద్దని రెండుసార్లు చెప్పాడు. నేను విన్నట్టే తలూపాను గానీ, నా ధ్యాసంతా మోత మీదుంది. ఒకసారి ఆడించి చూపించమన్నాను. చిన్నదాని మోత పెద్దదానికంటే ఎక్కువగా ఉంది. నాకు అంతకంటే ఏం కావాలి, వెంటనే కొనేశాను. ఇంటికి తెచ్చి షెడ్డులో పాత గోతాల కింద దాచాను.

ఆదివారం పొద్దున నాన్న బస్సెక్కాడో లేదో, నేను పంచర్ల కొట్టు మస్తాను దగ్గరికి పరుగెత్తాను. నాతో బళ్ళో చదివినవాడు. సైకిళ్ళకీ, స్కూటర్లకీ గాలి కొట్టే చిన్న మిషను వాడికుంది. గన్ను చూపించేసరికి కొట్టు మూసేసి, మిషన్ని రిక్షాలో వేసుకుని వచ్చాడు. రిక్షాలో గాలి మిషను పోతుంటే వీధిలో జనం ఊరుకుంటారా? వెనకే వచ్చారు. రానివాళ్ళని నేనే పిలిచాను. పక్కింటి సుబ్బాయమ్మ పిన్నికి స్టూలు కూడా వేశాను. ఆమె బియ్యం చేట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

గన్నుకి గాలి పైపు తగిలించి, మీట ఊడే వైపుకి నొక్కి, మొదటి నట్టు మీద పెట్టి ట్రిగ్గరు లాగాను. మోత మాత్రం దేవుడి సాక్షిగా అద్భుతంగా వచ్చింది. పిల్లలు చెవులు మూసుకున్నారు. పది లెక్కపెట్టేలోపు ట్యాంకులో గాలి అయిపోయి గన్ను మూలిగింది. నట్టు ఊడలేదు.

"కదిలింది. నేను చూశా" అన్నాడు మస్తాను.

నిజమే, కదిలింది. అందుకే ధైర్యం వచ్చింది. మళ్ళీ ట్యాంకు నిండేదాకా అందరం ఆగాం. మళ్ళీ పది లెక్కపెట్టేంత మోత. మళ్ళీ ఆగాం. మొదటి నట్టు తుప్పు పట్టిందని తీర్మానించి రెండోదానికి పోయాను. అదీ కాస్త కదిలి ఆగింది. ఇలా పది నట్లూ తిరిగొచ్చేసరికి పదకొండయింది. అన్నీ కదిలాయి, ఒక్కటీ ఊడలేదు. తుప్పుకి కిరసనాయిలు మందని గుర్తొచ్చి, అమ్మ స్టవ్వులోకి ఉంచుకున్న సీసా తెచ్చి పదింటికీ దండిగా పోశాను. ఈసారి ఇంకొంచెం ఎక్కువ కదిలాయి. రెండో రౌండు అలా ముగిశాక, సంతోషం పట్టలేక మూడోది మొదలుపెట్టాను.

సుబ్బాయమ్మ పిన్ని బియ్యం ఏరడం అయిపోయి, కందిపప్పు తెచ్చుకుంది. మీ నాన్నయితే ఈపాటికి నాలుగు చక్రాలూ ఊడదీసి, స్నానం చేసి, అన్నం తిని పడుకునుండేవాడురా అంది. మిషను కొత్తది పిన్నీ, అలవాటు పడాలి అన్నాను. మిషనుకా, నీకా అని అడిగింది. నేను గాలి పైపు సర్దుకున్నాను.

రెండున్నరకి నాన్న వచ్చాడు. చేతిలో గృహప్రవేశం లడ్ల పొట్లం. జనం దారిచ్చారు. నేను మూడో రౌండులో ఎనిమిదో నట్టు మీదున్నాను, ఒళ్ళంతా చెమట, కిరసనాయిలు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. గన్ను వంక చూశాడు, మిషను వంక చూశాడు, నేల మీద కదలకుండా పడున్న రాడ్డు వంక చూశాడు.

"ఏ పక్క చక్రంరా అది?" అన్నాడు.

"ఎడమ పక్కది నాన్నా" అన్నాను. అంటుండగానే నా మాట నాకే వినపడింది.

చదివేవాళ్ళలో లారీ సంగతులు తెలియనివాళ్ళుంటారు కాబట్టి చెప్తాను. ఆ రోజుల్లో మా లారీలకి కుడి పక్క చక్రాల నట్లు లోకంలో అన్ని నట్లలాగే ఎడమకి తిప్పితే ఊడేవి. ఎడమ పక్క చక్రాలకి మాత్రం మర తిరగేసి ఉండేది, బండి పరుగులో నట్లు వాటంతటవే వదులు కాకుండా. అంటే అక్కడ అన్నీ తారుమారు, ఊడదీసే తిప్పుడు తిప్పితే బిగుస్తాయి. ఇది లారీ ఇంట పుట్టిన పసిపిల్లాడికి కూడా తెలుసు. నాకూ తెలుసు. రాడ్డుతో చేసినన్నాళ్ళూ ఆలోచించే పనే లేదు, ఏ పక్క ఎక్కి నిలబడాలో నా కాలికి తెలుసు. గన్ను వచ్చాక కాలికి పని తప్పి, బుర్రకి పని పడింది. అక్కడొచ్చింది చిక్కు.

సుబ్బాయమ్మ పిన్నికి విషయం అర్థం కాక, ఏందయ్యా, పిల్లోడు పొద్దున్నుంచీ ఇప్పుతానే ఉన్నాడుగా అంది.

"లేదమ్మా. పొద్దున్నుంచీ బిగిస్తన్నాడు" అన్నాడు నాన్న.

వీధి మొత్తం ఒక్కసారి నవ్వింది. మస్తాను కూడా నవ్వాడు, వాడి మిషను పెట్టే నేనదంతా చేశానని మర్చిపోయి. నేను పోసిన కిరసనాయిలు చలవతో నట్లు ఇంకా సుఖంగా లోపలికి పోయాయని అప్పుడు తెలిసింది. భూమి చీలితే బాగుండనుకున్నాను. కానీ నవ్వులు నాకంత బాధ కాదు. సాయంత్రం స్టీరింగు పోయింది. రెండేళ్ళు ఎదురుచూసిన స్టీరింగు.

నాన్న లడ్ల పొట్లం పిన్నికిచ్చి, పంచె ఎగ్గట్టాడు. రాడ్డుకి ఇంకో పైపు దూర్చి, దాని మీద ఆయనా, నేనూ, మస్తానూ, చూడ్డానికొచ్చినవాళ్ళలో మరో ఇద్దరూ వేలాడాం. ఆరు నట్లు ఏడుస్తూ ఊడాయి. మూడుచోట్ల నట్టుతో పాటు అది ఎక్కే మర కడ్డీ, అదే స్టడ్డు, కూడా తెగి చేతికొచ్చింది. చివరి నట్టు మూలలన్నీ నేను అరగదీసినందువల్ల పానాకి పట్టు దొరకలేదు. దాన్ని నాన్న ఉలీ సుత్తీ పెట్టి చీల్చాడు. ఆ చీల్చడంలో సుత్తి జారి, వేలి కణుపు చెక్కుకుపోయి నెత్తురొచ్చింది. ఆయన దాన్ని పంచెకి తుడుచుకుని పని చేసుకుపోయాడు. నన్ను అప్పుడు తిట్టుంటే ఎంత బాగుండేదో. షెడ్డు వెనక పడున్న పాత బ్రేకు డ్రమ్ముకున్న స్టడ్డులు మూడు ఊడదీసి నేనే తెచ్చిచ్చాను.

అన్నీ అయ్యేసరికి ఐదు దాటింది. కోటయ్య మావ కల్లం దగ్గర మూడింటికల్లా ఉండాల్సిన బండి. నాన్న తోలాడు. నేను ఎప్పటిలా క్లీనరు సీట్లో, ఎప్పటికంటే చిన్నగా కూర్చున్నాను.

మేం పోయేలోపే కథ కల్లానికి చేరిపోయింది. కోటయ్య మావ కుట్టిన బస్తాల పక్కన మంచం వేసుకుని కూర్చున్నాడు. బస్తాలన్నీ ఎక్కి, పట్టా కప్పి, తాళ్ళు బిగించాక లేచాడు. ఇక నేను ఎటూ చూడలేక తాడు ముడి వంక చూస్తూ నిలబడ్డాను. అది నేను వేసిన ముడే, అది కూడా సరిగ్గా ఉందో లేదో నాకు నమ్మకం పోయింది.

"ఎవరు తోలతన్నారు బావా?" అన్నాడు.

"మావోడే" అన్నాడు నాన్న.

కోటయ్య మావ నన్ను కింద నుంచి పైకి చూశాడు. ఆయన గొంతులో కోపం కంటే భయమే ఎక్కువగా ఉంది. "నా ఏడాది కష్టం బావా అది. పొద్దున్నుంచీ ఎడమేదో కుడేదో తెలియకుండా తిప్పినోడి చేతికిస్తావా?"

నాన్న బండి చుట్టూ ఒకసారి నడిచి, ఆ చక్రాన్ని కాలితో తన్ని చూసి, క్లీనరు పక్క తలుపు తీశాడు.

"వాడికే ఇస్తా బావా. ఇయ్యాల చెయ్యాల్సిన తప్పులన్నీ పొద్దున్నుంచీ ఒకటి వదలకుండా చేసేశాడు. ఇంక వాడి దగ్గర ఏం మిగల్లా. నేనైతే ఇంకా మొదలే పెట్టలేదు."

చెప్పి ఎక్కి కూర్చుని, తల సీటుకి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. కోటయ్య మావ నవ్వాలో వద్దో తెలియక, చివరికి నవ్వి, చేత్తో పొమ్మన్నాడు. నేను స్టీరింగు ముందు కూర్చుని కాసేపు బండి స్టార్టు చెయ్యలేకపోయాను. కళ్ళు మసకేశాయి. మిరపకాయల ఘాటని నాన్నకి చెప్పాను. కళ్ళు తెరవకుండానే, అవును, ఈసారి కాయ ఘాటుగా ఉంది అన్నాడు. గుంటూరు దాకా ఆయన ఒక్కసారి కూడా కళ్ళు తెరవలేదు. నిద్రపోలేదని మాత్రం నాకు తెలుసు, ప్రతి మలుపులో ఆయన కుడికాలు లేని బ్రేకుని తొక్కుతూనే ఉంది.

ఆ తర్వాత ఎన్నో లోడ్లు తోలాను, ఎన్నో గన్నులు వాడాను, ఇంతకింత పెద్దవీ ఖరీదైనవీ. కానీ ఆ ఆదివారం నేను ఒక ఒట్టు పెట్టుకున్నాను, సూర్యచంద్రుల సాక్షిగా ఇప్పటిదాకా తప్పలేదు. ఏ పనిముట్టునైనా సరే, మొట్టమొదటిసారి నలుగురి ముందు వాడను. మొన్న మా ఆవిడ కొత్త మిక్సీ కొంటే, ఆమెని కూడా బయటికి పంపి, వంటింటి తలుపు గడియ పెట్టి, ఒంటరిగా స్విచ్చి వేశాను. మూత పెట్టడం మర్చిపోయాను గానీ, చూసినవాళ్ళెవరూ లేరు.