అబ్బా అనకూడని ఇల్లు

మా ఇంట్లో ఎవరికి ఎంత నొప్పి వచ్చినా 'అబ్బా' అనకూడదు. ఇది మా ఆయన మునికృష్ణ పెట్టిన కట్టుబాటు. మొక్కూ కాదు, శాపమూ కాదు, ఒకప్పుడు కుస్తీలో ఓడిన మనిషి మొండితనం. మా అత్త పోలేరమ్మ మోకాళ్లు పట్టుకుని లేచేటప్పుడు 'అమ్మా' అని మూలగడం అలవాటు చేసుకుంది. నేను పొద్దంతా కుట్టుమిషను మీద వంగి నడుము ఎత్తేటప్పుడు పళ్లు బిగబట్టడం నేర్చుకున్నాను. కాన్పు నాడు మాత్రం ఆ మాట కసిదీరా అన్నాను, ఆయన ఆసుపత్రి గేటు బయట ఉన్నాడు కాబట్టి.

ఇదంతా మా పెళ్లికి ముందటి సంవత్సరం, తొంభై ఒకటిలో మొదలైంది. తిరుపతిలో జయరావు అనే మాజీ సైనికుడు ఒక రేకుల షెడ్డులో సాంబో నేర్పేవాడు. సాంబో అంటే రష్యా వాళ్ల కుస్తీ. మన కుస్తీలాగా గోచీ కట్టి మట్టిలో ఆడేది కాదు. పొట్టి నిక్కరు, పైన మందపాటి కోటు, ఒకరికి ఎరుపు, ఇంకొకరికి నీలం. కోటు భుజాల మీద రెక్కల్లాంటి పట్టీలుంటాయి. అవి దొరకబుచ్చుకుని అవతలివాణ్ని లాగాలి, తిప్పాలి, నడుము మీదికి ఎత్తి వెల్లకిలా వేయాలి. వేసినవాడు నిలబడే ఉండి, పడినవాడి వీపు నేలకు తగిలితే ఆట అక్కడితో సరి. లేకుంటే నేల మీద పెనుగులాట. చెయ్యో కాలో చిక్కించుకుని కీలు దగ్గర ఎదురు వంచుతారు. తట్టుకోలేనివాడు చేత్తో రెండుసార్లు తడితే వదిలేస్తారు. తట్టకపోయినా, నొప్పికి కేక వేస్తే ఓడినట్టే లెక్క. మా ఆయన బతుకు ఈ ఆఖరి నియమానికి తగులుకుని ఆగిపోయింది.

రాష్ట్ర జట్టు ఎంపిక హైదరాబాదులో జరిగింది. చివరి ఆట గెలిస్తే జట్టులో చోటు, దాని వెంట పోలీసు ఉద్యోగం వస్తుందన్న ఆశ. అవతలివాడు ఈయన చేతిని రెండు తొడల మధ్య ఇరికించి మోచెయ్యి విరవడానికి వెనక్కి వాలాడు. ఈయన మెల్లగా మోచెయ్యి తిప్పుకున్నాడు. ఇంకాస్తలో జారిపోతాననగా, మన వైపు మగవాళ్ల అలవాటు కొద్దీ వాడితో వేళాకోళంగా అన్నాడు, "యాడికి పోతావబ్బా" అని. రెఫరీ ఉత్తరాది మనిషి. హైదరాబాదులో కాపురం ఉంటూ, తెలుగువాళ్లు నొప్పికి ఏమంటారో అంతవరకు నేర్చుకున్నాడు. ఆ వాక్యంలో ఆయనకు అర్థమైన ముక్క చివరిది ఒకటే. చెయ్యెత్తి ఆట ఆపేశాడు.

అది నొప్పి కాదు, పిలుపు అని ఈయన చెప్పబోయాడు. మా ఊళ్లో అన్నని, తమ్ముణ్ని, బస్సు కండక్టరుని కూడా అట్లాగే పిలుస్తామని చెప్పాడు. హిందీలో చెప్పిపెట్టమంటే పక్కనున్న కోస్తా కుర్రాళ్లు నవ్వుకున్నారే గాని నోరు విప్పలేదు. జట్టులో ఈయన పేరు రాలేదు.

"చెయ్యి బాగానే ఉండాది, ఆటే పోయింది. నేను బయటపడతానే ఉండా." ఈ మాట ఆయన నోట నేను పెళ్లిచూపుల నాడే విన్నాను. ఆ తర్వాత అన్నం ముందు విన్నాను, చంకలో బిడ్డ ఏడుస్తుండగా విన్నాను. మామిడికాయల కాలంలో గుజ్జు ఫ్యాక్టరీలో క్రేట్లు మోసి, మిగతా నెలల్లో మార్కెట్టు యార్డులో మూటలు దించి, ఇంటికొచ్చి కాళ్లు చాపుకున్న ప్రతిసారీ విన్నాను. మొదట్లో జాలిపడ్డాను. తర్వాత విసుగొచ్చింది. ఆ తర్వాత విసుక్కునే ఓపిక కూడా లేకపోయింది. ఆయన మాత్రం మనుషుల్ని 'అబ్బా' అని పిలవడం మానేసి 'అప్పా' అనడం మొదలుపెట్టాడు.

జయరావు పోయాక షెడ్డు ఈయన చేతికొచ్చింది. సాయంత్రాలు పిల్లలకు నేర్పేవాడు. వాళ్ల కోట్లు నేనే కుట్టేదాన్ని. భుజం పట్టీకి మూడు వరసలు వేస్తే తప్ప ఆగేది కాదు. ఏ కుట్టు పిగిలి వచ్చిందో చూసి ఏ పట్టు పట్టారో చెప్పగలిగేంతగా ఆ కోట్లు నా ప్రాణం తీశాయి. ఎత్తుల కంటే ముందు ఆయన నేర్పే పాఠం ఒకటే, నోరు మూసుకోవడం. పడినా, చెయ్యి మెలిపడినా చప్పుడు చేయకూడదు. పిల్లలు నాలుగు రోజులు వచ్చి జారుకునేవాళ్లు. కడదాకా నిలిచింది మా కూతురు జాహ్నవి ఒక్కతే. ఇంట్లో పుట్టిన పిల్ల, ఎక్కడికి జారుకుంటుంది.

దాని ఏడో తరగతిలో షెడ్డులో పడి కుడి మోచెయ్యి విరిగింది. పుత్తూరు కట్టుకు తీసుకెళ్లాం. ఆకు పసరు, గుడ్డు సొన పట్టించి వెదురు బద్దలు పెట్టి బిగిస్తుంటే పిల్ల కిక్కురుమనలేదు. కట్టు కట్టే ముసలాయన దాని మొహం చూసి, ఈ పిల్లకు నోరు లేదా అని అడిగాడు. మా ఆయన మురిసిపోయాడు. నాకు ఒళ్లు మండింది. ఇదే చోట మళ్లీ విరిగితే ఈ చెయ్యి చాపడానికి రాదని ముసలాయన మా ఇద్దరికీ చెప్పి పంపాడు.

రెండువేల ఎనిమిదిలో జాహ్నవి కోసం చిత్తూరు వెళ్లాం. అక్కడ రాష్ట్ర జట్టు ఎంపిక. చివరి ఆటలో గెలిస్తే, వాళ్ల నాయన పేరు ఎక్కని జట్టులో దాని పేరు ఎక్కుతుంది. పొద్దున్నించి ఆయన ఒక్క ఇడ్లీ కూడా తినలేదు. నాకు గెలుపు మీద ధ్యాస లేదు, నా కళ్లన్నీ ఆ మోచెయ్యి మీదే ఉన్నాయి.

మొదట జాహ్నవిదే పైచెయ్యి. ఎదుటి పిల్ల నడుము పట్టీ పట్టి, తుంటి మీదికి ఎత్తి పడేసింది. పక్కకు పడటంతో ఆట ముగియలేదు, పాయింట్లు మాత్రం వచ్చాయి. అదే ఊపులో మీదికి వెళ్లినప్పుడు ఆ పిల్ల కింద నుంచే దీని కుడి చేతిని తొడల మధ్య ఇరికించుకుని వెనక్కి వాలింది. రెఫరీ అవతలి పక్క వంగి ఉన్నాడు, మోచెయ్యి ఆయనకు కనబడదు. మాకు కనబడుతోంది. ఎడమ చెయ్యి ఖాళీగా ఉంది, రెండుసార్లు తడితే చాలు. తట్టలేదు. పెదాలు తెల్లబడేలా బిగించింది. నేను మూడు వరసలు వేసిన భుజం కుట్టు పటపటా తెగడం వినబడింది. ఆ కుట్టు తెగాలంటే ఎంత బలం పడాలో నాకు తెలుసు. అరవబోయి పళ్లు బిగబట్టాను. ఆయన పెట్టిన కట్టుబాటు నా గొంతులో కూడా కూర్చుంది కాబోలు.

అప్పుడు నా పక్కనుంచి "అబ్బా" అని కేక వినబడింది.

రెఫరీ ఉలిక్కిపడి చెయ్యెత్తాడు. ఎదుటి పిల్ల పట్టు వదిలేసింది. జాహ్నవి లేచి, నేను అనలేదు సార్ అని మొత్తుకుంది. రెఫరీ ఇటు తిరిగాడు. మా ఆయన లేచి నిలబడ్డాడు.

"నేనే అన్నా. వాళ్ల నాయన్ని. పాప ఓడిపోయింది, రాసుకోండి సార్."

ఆ గొంతు విని నాకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్లలో ఆయన మీద నాకున్న కోపమంతా ఆ ఏడుపులో కలిసి పోయింది.

బస్టాండుకు నడిచాం. తిరుపతి బస్సులో జాహ్నవి కిటికీ పక్కన, దాని పక్కన ఆయన, వెనక సీటులో నేను. చెయ్యి వాచింది గాని విరగలేదు, వేళ్లు కదులుతున్నాయి. ఊరు దాటాక అది తల తిప్పకుండానే అడిగింది.

"ఎందుకంటివి నాయనా? నేను బయటపడతానే ఉండా గదా."

ఆయన తన కుడి మోచేతిని ఎడమ చేత్తో పట్టుకున్నాడు. ఒకసారి ముడిచి చాపి చూసుకున్నాడు. ఎక్కడా పట్టేయని చెయ్యి అది, మూటలు మోసి మా అందరికీ కూడు పెట్టిన చెయ్యి. నెమ్మదిగా అన్నాడు.

"నేనూ అట్లే అనుకున్నా పాపా. ఆ పొద్దు హైదరాబాదులో ఆ రెఫరీకి నా చెయ్యి విరగబోయేది కనపడిందేమో."

అది ఇంకా కిటికీ బయటికే చూస్తోంది. దాని కోపం దానిది, అంత తొందరగా ఎట్లా పోతుంది. టిక్కెట్లు కొట్టి కండక్టరు ముందుకు పోయాడు. నాకు కళ్లు మూతలు పడుతున్నాయి.

పూతలపట్టు దగ్గర బస్సు ఒక గుంతలో పడి ఎగిరింది. జాహ్నవి మోచెయ్యి కిటికీ చువ్వకు కొట్టుకుంది.

"అబ్బా" అంది.

ఆ ఇంట్లో పుట్టి పెరిగిన పిల్ల నోట ఆ మాట వినడం నాకు అదే మొదలు. అన్నాక తనే భయపడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వాళ్ల నాయన వైపు చూసింది. ఆయన ఆ చేతిని మెల్లగా పక్కకు తీశాడు.

"అను పాపా. ఈడ రెఫరీ యాడుండాడు."