పాత సరుకే ముందు

గోడౌన్ తాతకు ఆ పేరు ఊరికే రాలేదు. సబ్బుల కంపెనీ గోడౌన్‌లో స్టోర్‌కీపర్‌గా తల నెరిసేదాకా పనిచేశాడు. ఒక్క సబ్బుబిళ్ళ ఇంటికి తెచ్చిన పాపాన పోలేదు. స్టోర్‌కీపర్ సరుకు ముట్టుకోకూడదన్నది ఆయన మొదటి నియమం. పాత సరుకు ముందు పోవాలి, కొత్తది వెనక ఆగాలి అన్నది రెండోది. ఈ రెండింటితోనే కాపురం కూడా లాక్కొచ్చాడు. బీరువాలో పాత చీర చిరిగితే గానీ నాయనమ్మకు కొత్తది కట్టే యోగం ఉండేది కాదు.

రిటైరయ్యాక పాపం ఆయన చేతికింద ఏమీ మిగల్లేదు. రిమోట్ నాయనమ్మది, పేపరు కొడుకుది, వాలు కుర్చీ పిల్లిది. అలాంటి రోజుల్లో, ఆస్పత్రిలో నర్సుగా చేసే కోడలికి పొద్దుటి డ్యూటీ పడింది. మనవరాలు మిరపగింజకు లంచ్ బాక్సు ఎవరు కట్టాలన్న ప్రశ్న వచ్చింది. తాత ఛాతీ విరుచుకుని లేచాడు.

"నాకొదిలెయ్యండి. రోజూ పొద్దున్నే పరుగులెందుకు? ఆదివారం వారానికి సరిపడా చేసి దాచేస్తే సరి."

చేశాడు కూడా. అరచేతిలో ఇమిడే బన్నులు తెచ్చి, అడ్డంగా కోసి, లోపల చిదిమిన ఉడకబెట్టిన గుడ్డూ, చీజూ, మిరియాల పొడీ పెట్టి, పైన వెన్న రాసి, ఒవెన్‌లో ఎర్రగా కాల్చేవాడు. చల్లారాక ఒక్కొక్కదాన్నీ కాగితంలో చుట్టి ఫ్రీజర్లో వరసలుగా పేర్చేవాడు. ఆ వాసనకు పక్కింటివాళ్ళు కిటికీలు తెరిచేవాళ్ళు. మిరపగింజ ట్రే మీదికి చెయ్యి చాపితే మాత్రం గరిటె అడ్డం పెట్టేవాడు.

"ఇది కొత్త స్టాకు. నీది ముందు వరసలో ఉంది."

"అది పోయిన నెలది తాతా!"

"పోయిన నెలది కాబట్టే ముందు పోవాలి."

గోడౌన్ మనిషికి స్టాకు పలచబడితే నిద్ర పట్టదు. పిల్ల తినేది ఒక ట్రే అయితే ఆయన చేసేది రెండు. దాంతో బాక్సులోకి వెళ్ళేది వారం వారం ఇంకా ముసలిదవుతూ వచ్చింది. బన్ను చెక్క అయింది, గుడ్డు రబ్బరు అయింది.

మిరపగింజ తినకుండా వెనక్కి తెచ్చేది. తాత చలించలేదు. "వాపసు సరుకు" అంటూ మళ్ళీ కాగితం చుట్టి, ముందు వరసలోనే పెట్టేవాడు. మర్నాడు అదే బాక్సులోకి! అనుమానం వచ్చి పిల్ల ఒకదానికి పెన్సిల్‌తో చిల్లు పొడిచింది. మర్నాడే ఆ చిల్లు బాక్సులో మళ్ళీ ప్రత్యక్షమైంది. దానికి హెడ్మాస్టరు అని పేరు పెట్టింది.

"ఎందుకే ఆ పేరు?" అని అడిగింది నాయనమ్మ.

"రాయిలా ఉంటాడు, రోజూ బడికొస్తాడు, ఎవరికీ నచ్చడు."

నాయనమ్మ కడుపుబ్బా నవ్వి తాతకూ చెప్పింది. కోడలు మాత్రం నవ్వలేదు.

"మామయ్యగారూ, పిల్ల సాయంత్రం నకనకలాడుతూ వస్తోంది. ఈ శుక్రవారం కూడా బాక్సు నిండుగా వచ్చిందంటే ఇక బడి క్యాంటీన్లో చెప్పేస్తాను. మీరు విశ్రాంతి తీసుకోండి."

విశ్రాంతి! తాత గుండెలో రాయి పడింది. గోడౌన్‌లో ఆఖరిరోజు చేతిలో పూలగుత్తి పెట్టి అన్నది కూడా ఆ మాటే.

"సరుకులో లోపం లేదమ్మా. ఈ కాలం పిల్లలకే ఆకలి తక్కువ" అన్నాడు.

"మీరెప్పుడైనా తిని చూశారా?" అంది నాయనమ్మ.

"స్టోర్‌కీపర్ సరుకు ముట్టుకోడు."

"అవునులెండి. ఇన్నేళ్ళూ అదే రూలుతో ఎంగిలి గిన్నె కూడా ముట్టుకోలేదుగా."

శుక్రవారం తాతకు కళ్ళ పరీక్ష. అక్కడ ఆలస్యమవుతుందని మిరపగింజ ఎంతో బుద్ధిగా, "నీ బాక్సు కూడా నేనే కడతాను తాతా" అంది. తాత మురిసిపోయి అటు తిరిగి చొక్కా గుండీలు పెట్టుకున్నాడు.

కళ్ళాస్పత్రిలో చుక్కలు వేసి బెంచీ మీద కూర్చోబెట్టారు. మధ్యాహ్నం దాటింది. ఆకలి దంచేస్తోంది. బాక్సు తెరిస్తే అంతా మసక. ఒకటి చేతిలోకి తీసుకోగానే వేలికి చిల్లు తగిలింది. హెడ్మాస్టరుగారు!

పక్కనున్న ముసలావిడకు మర్యాదకు ఇంకొకటి ఇచ్చాడు. ఆవిడ దాన్ని బెంచీ అంచుకు కొట్టి చూసి, "ఇవాళ కళ్ళ డాక్టరొక్కడు చాలు నాయనా. పళ్ళ డాక్టరు దగ్గరికి కూడా పంపకు" అని తిరిగిచ్చేసింది.

తాత కొరికాడు. మొదటి కాటుకు ఏమీ రాలేదు. రెండో కాటుకు, కొత్తగా కట్టించుకున్న పళ్ళు కదిలాయి. ఆ తర్వాత వచ్చిన ముక్కను నమిలాడు, నమిలాడు, ఇంకా నమిలాడు. పిచ్చిపిల్ల, దీన్ని రోజూ మోసుకెళ్ళి మోసుకొచ్చిందా అనుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది చుక్కల మందేనని ఇప్పటికీ ఒట్టేసి చెప్తాడు. ఆ సరుకును వాపసు తేవడానికి మనసొప్పక, నీళ్ళతో మొత్తం మింగేశాడు.

సాయంత్రం సింకు దగ్గర రెండు బాక్సులూ ఖాళీ.

"నిజంగా తిన్నావుటే?" అని అడిగింది కోడలు.

"ఒక్కటి మిగలలేదమ్మా. ఫ్రెండ్సు కూడా లాక్కున్నారు" అంది మిరపగింజ, తాత కేసి కనుబొమలెగరేస్తూ.

తాత ఫ్రీజర్ తెరిచి చూశాడు. వెనక వరసలో, పోయిన ఆదివారం కాల్చిన వాటి చోట బోసిగా ఉంది. దొంగ దొరికింది!

"అయితే సరే మామయ్యగారూ, మీరే కానివ్వండి" అంది కోడలు.

తాత నోరు మూసుకుంటే సరిపోయేది. కానీ స్టోర్‌కీపర్ కదా, తప్పుడు లెక్క గొంతు దిగలేదు.

"స్టాకులో డ్యామేజ్ ఉందమ్మా" అన్నాడు. ఫ్రీజర్ తలుపు మూసి, "తప్పు ఫ్రీజర్‌దే" అని కలిపాడు.

ఆ ఆదివారం ఒక ట్రేనే కాల్చాడు. పొగలు కక్కుతున్న మొదటిదాన్ని మిరపగింజ చేతిలో పెట్టాడు.

"రూలు మారిందా తాతా?"

"రూలెలా మారుతుందే? పాత సరుకే ముందు. కాకపోతే అది పాత మనిషికి పోతుంది."

అన్నమాట నిలబెట్టుకుంటున్నాడు. రోజూ టీలో ఒక ముసలి శాండ్‌విచ్‌ను నానబెట్టుకుని, అది మెత్తబడేదాకా పేపరు మొత్తం చదివి, కళ్ళు మూసుకుని కొరుకుతాడు. నాయనమ్మ వంటింట్లోంచే కేకేస్తుంది:

"ఏమండీ, పళ్ళు జాగ్రత్త! అవి కొత్త స్టాకు!"