నాయనమ్మ ఫొటో మీద వయొలిన్

టీవీ పాటల పోటీలో నేను మూడో వారం దాకా నెగ్గుకొచ్చాను. అక్కడ పాట సగమే, మిగతా సగం వెనక వాయించే సంగీతం. మార్కులు చెప్పేముందు డప్పులతో గుండెలు అదరగొడతారు. ఇంటి ముచ్చట్లు చూపించేటప్పుడు వయొలిన్‌తో ఏడిపిస్తారు. ఆ వయొలిన్ మా ఇంటికి చేసిన ఘనకార్యం ఇది.

ఇంటి ముచ్చట్లు తీయడానికి షో వాళ్ళు మా ఊరు గుండుగొలను వచ్చారు. నాన్న పౌరోహిత్యం చేస్తారు. సొంత స్కూటరుంది, ఒంట్లో ఓపికుంది, రోజంతా నవ్వుతూనే ఉంటారు. వాళ్ళకి ఇవేవీ పనికిరాలేదు. స్కూటరు పెరట్లో పెట్టించి, చేతికి గొడుగిచ్చి, ఆయన్ని కొల్లేరు గట్టు మీద ఒంటరిగా నడిపించారు. "కొంచెం తల దించుకోండి సార్" అన్నారు. చేపల లారీలు తొక్కిన బురదలో నాన్న ఎలాగూ తల దించుకునే నడుస్తున్నారు. ఇంట్లో అమ్మ వాళ్ళ కోసం పెసరట్లు పోస్తోంది, నేను మొహానికి మేకప్ వేయించుకుంటున్నాను. ఆ సందులో వాళ్ళలో ఎవరో, గోడ మీద నాయనమ్మ ఫొటో బోసిగా ఉందని, దేవుడి గదిలోంచి బంతిపూల దండ తెచ్చి వేసేశారు. మాలో ఎవరం చూడలేదు.

నాయనమ్మ ఏలూరులో బాబాయి ఇంట్లో నిక్షేపంలా ఉంది.

ఆదివారం ప్రసారమైంది. నాన్న నడుస్తుంటే ఒక వయొలిన్, దండ వేసిన ఫొటో దగ్గరికి కెమెరా వెళ్తుంటే ఇంకో నాలుగు. నాయనమ్మ ఫోన్ చేసి, "నా ఫొటో మహ బాగా పడిందే. ఆ దండెవరేశారే?" అంది. పడీపడీ నవ్వుకున్నాం. జడ్జీలు కళ్ళు తుడుచుకుని నాకు మార్కులు కుమ్మరించారు.

ఆ నవ్వు నెల్లాళ్ళే. తాడేపల్లిగూడెంలో ఒక రైస్ మిల్లు వారి అమ్మాయికి పెళ్ళి. ఆ పిల్ల బారసాల, అన్నప్రాశన, అక్షరాభ్యాసం అన్నీ నాన్న చేతుల మీదుగా జరిగాయి. "ఆ పిల్ల పెళ్ళి కూడా నేనే చేయించాలి" అని ఎన్నేళ్ళుగానో అనేవారు. షూటింగుకి ముందే ముహూర్తం కూడా పెట్టి ఇచ్చారు. తీరా పెళ్ళి వారంలోకి వచ్చినా, సామాన్ల చీటీ రాయించుకోవడానికి ఎవరూ రాలేదు. "అడగండి నాన్నా" అంటే, "బావుండదమ్మా. పెళ్ళివారు, హడావిడిలో ఉంటారు" అన్నారు.

నేనే ఆ అమ్మాయి తల్లికి ఫోన్ చేశాను. ఆవిడ గొంతు తగ్గించి, "మీ నాయనమ్మగారు పోయారు కదమ్మా. ఏడాదిపాటు పంతులుగారు పెళ్ళిళ్ళు చేయించకూడదు కదా. అడిగి బాధపెట్టడం ఎందుకని వేరే ఆయన్ని మాట్లాడుకున్నాం" అన్నారు.

"ఏవండీ, మా నాయనమ్మ బతికే ఉందండీ!"

"అయ్యో! మరి టీవీలో అంత ఏడుపు సంగీతం వేశారు కదమ్మా!"

తాంబూలం ఇచ్చి మాట్లాడుకున్న ఆ వేరే పంతులుగారిని ఇక వద్దనలేరు. ఆ అమ్మాయి తల్లీ తండ్రీ మా ఇంటికొచ్చి, ఎంతో నొచ్చుకుని, పెళ్ళికి పిలిచారు. "దానికేముందండీ" అని నాన్న నవ్వేశారు. నాకు మాత్రం ఆ షో మీద, నాకొచ్చిన మార్కుల మీద ఒళ్ళు మండింది.

పెళ్ళిలో నాన్న అతిథుల వరసలో, చేతిలో అక్షింతలతో నా పక్కన కూర్చున్నారు. జీలకర్ర బెల్లం వేళకి గట్టిమేళం అందుకుంది. ఆ హోరులో నాన్న పెదవులు కదలడం చూసి దగ్గరికి వంగాను. మంత్రం మొదటి నుంచి, ఒక్క అక్షరం పోకుండా చెప్పుకుంటున్నారు. మేళం ఆగింది, అందరూ అక్షింతలు వేసేశారు. నాన్న తన మంత్రం పూర్తయ్యాకే వేశారు.