ఎండిన చామంతి

నిన్న కుండీలో పచ్చచామంతి కాడలు కత్తిరిస్తుంటే, ఆ ఘాటు వాసనకు 1961 ఫిబ్రవరి జ్ఞాపకం వచ్చింది. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. మా నాయన తల్లిని జేజి అనేవాళ్లం. మా మేనత్త కాన్పుకని ఆమె తనకల్లు ఊరికి వెళ్తూ పెరటి చామంతిని నాకు అప్పగించింది.

నీళ్ల కరువు వల్ల రోజుకు ఒక్క చెంబే. ఒక్కరోజూ తప్పకుండా పోశాను. అయినా పూలు వాడి, పన్నెండో రోజుకు కాడలన్నీ ఎండిపోయాయి. భయంతో నాకు అన్నం సయించలేదు.

జేజి బండి దిగగానే, "చామంతిని నేనే చంపేసినా, జేజీ" అన్నాను.

"చంపేదానికి నీ చేత అయితాదా? పూసినంక కాడలు ఎండకుండా యాడ ఉంటాయే! ఈడ చూడు" అంటూ ఆమె ఎండుకాడలను పక్కకు తీసింది. మొక్క మొదలు దగ్గర ఏడు పచ్చని పిలకలు ఉన్నాయి.

ఆ పన్నెండు రోజులూ చెంబులు లెక్కపెట్టాను గానీ, ఒక్కసారైనా వంగి చూడలేదు.