నైరుతి మూల కాలవ

మాలో ఎవరికీ వాస్తు మీద నమ్మకం లేదు. ఈ మాట ముందే చెప్పాలి. మా పది కుటుంబాల వాళ్ళూ ప్రతి మీటింగులోనూ ముందు ఈ మాటే చెప్పి, ఆ తరవాత కాఫీలు చల్లారిపోయేదాకా వాస్తు గురించే మాట్లాడేవారు.

ఏలూరు దాటాక, కొల్లేరు వైపు వెళ్ళే రోడ్డు పక్కన ఐదెకరాల చేను పదిమందిమీ కలిసి కొన్నాం. అందరం పంతుళ్ళమో, ఆఫీసు ఉద్యోగులమో. ఆలోచన నేను పనిచేసిన స్కూల్లో లెక్కలు చెప్పిన మాస్టారిది. చుట్టుపక్కల వెంచర్లు చూస్తే ఆయనకీ నాకూ ఒళ్ళు మండిపోయేది. పచ్చటి చేలో గ్రావెల్ తోలతారు, హద్దురాళ్ళు పాతుతారు, ముందు ఒక ఆర్చి కట్టి ప్లాట్లు అమ్మేసి వెళ్ళిపోతారు. ఏళ్ళు గడిచినా అక్కడ ఇల్లుండదు, చేనూ ఉండదు, తుమ్మ మొక్కలుంటాయి. అటు ఆకివీడు దాకా చేలన్నీ చేపల చెరువులయ్యాయి, ఇటు ఏలూరు చుట్టూ చేలన్నీ ప్లాట్లయ్యాయి. మెట్ట నుంచి దిగివచ్చే వాననీళ్ళు ఎటు పోవాలో తెలీక వీధుల్లోకి వస్తాయి. మేం అద్దెకున్న వీధిలో వానాకాలం వచ్చిందంటే గ్యాస్ సిలిండరు మంచమ్మీద పెట్టుకుని బతికేవాళ్ళం.

అందుకని మేం ఇంకోలా ఉందాం అనుకున్నాం. ఉత్తరం వైపు మెరక మీద ఇళ్ళన్నీ దగ్గరదగ్గరగా కట్టుకోవాలి. రెండేసి ఇళ్ళకి మధ్య ఒకటే గోడ, అందరికీ ఒకటే బోరు, కార్లూ బళ్ళూ గేటు దగ్గర షెడ్డులో. దక్షిణం వైపు పల్లంగా ఉన్న మూడెకరాలూ చేనుగానే ఉంచేసి, వరి వేయించి బియ్యం పంచుకోవాలి. మాకు పైన, రోడ్డుకి అవతల ఒక పేట ఉంది. ఆ పేటలో కురిసిన నీళ్ళు మా పడమటి గట్టు పక్కనున్న బోదె గుండా ఈ చేలోకి దిగి, అక్కడ నాలుగు రోజులు నిలిచి, అవతలి మురుగు కాలవలో పడి కొల్లేరు చేరతాయి. నేను కొల్లేటి లంక ఊళ్ళో పుట్టి పెరిగాను. నీరు పల్లమెరుగు అని అందరూ సామెతగా అంటారు గానీ, మేం ఆ పల్లం చూసుకునే గొడ్లని ఎక్కడ కట్టాలో తేల్చుకునేవాళ్ళం. ఆ చేను అలా ఉంటుందంటేనే నేను ఇంట్లో పోరుపెట్టి మా ఆయన్ని ఒప్పించాను.

ఒకే గోడ సంగతి పునాదుల దగ్గరే పోయింది. ఇంటి చుట్టూ తిరగడానికి సందు లేకపోతే ఎలా అండీ అన్నారు. మూరెడేసి సందులు వదిలారు. ఇప్పుడు వాటిల్లో పిల్లులు తిరుగుతున్నాయి. పోనీలే, చేనుంది కదా అనుకున్నాను. మొదటి రెండేళ్ళూ వానాకాలం చేను నిండా నీళ్ళు, నీళ్ళ నిండా నత్తగుల్ల కొంగలు. మా వాకిళ్ళూ పొడిగా ఉన్నాయి, పేటా పొడిగా ఉంది. నాకు అంత సంతోషం ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ లేదు.

మూడో ఏడు ఎవరిదో గృహప్రవేశానికి ముహూర్తం పెట్టడానికి ఒక సిద్ధాంతిగారు వచ్చారు. వచ్చినాయన ముహూర్తం పెట్టి వెళ్ళొచ్చుగా. చేను వైపు తిరిగి, ఉత్తరం మెరక, దక్షిణం పల్లం, మొత్తం తిరగబడి ఉంది, దక్షిణం పూడ్చి మెరక చేయాలన్నారు. ఏలూరు నుంచి కొల్లేరు దాకా నేలంతా దక్షిణానికే వాలి ఉంటుంది కదండీ, మరి ఈ ఊళ్ళన్నీ ఎలా బతుకుతున్నాయని అడిగాను. అందుకే కదమ్మా ఇన్ని కష్టాలు అని నవ్వారు.

ఇంక మొదలైంది. ఒకరికి స్కూటరు మీంచి పడి కాలు విరగడం గుర్తొచ్చింది, ఒకరికి కూతురి సంబంధం తప్పిపోవడం గుర్తొచ్చింది. అయినా ఎవరికీ నమ్మకం లేదు! రిటైరైన హెడ్మిస్ట్రెస్ గారు ఆదివారం చర్చి తప్పనివారు. ఆవిడైనా నా పక్షం ఉంటారనుకున్నాను. "మాకివన్నీ లేవండీ, మేం ప్రార్థన చేసుకునేవాళ్ళం. కానీ రేపు అమ్మాలంటే కొనేవాడు చూస్తాడు కదండీ," అన్నారు. లెక్కల మాస్టారూ అదే అన్నారు. మా ఆయన కూడా మీటింగులో అందరి ముందూ కొనేవాడి మాటే అన్నారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం.

ఆ కొనేవాడెవడో నాకు తెలీదు. మాలో ఎవరూ ఇల్లు అమ్ముదామనుకోలేదు. అయినా ఆ మనిషి మా మీటింగులన్నింటికీ వచ్చి కూర్చునేవాడు. వాడికి నీళ్ళ సంగతి అక్కర్లేదు, చేను అక్కర్లేదు, పేట అక్కర్లేదు. దిక్కులు మాత్రం కావాలి. నేను ఎంత అరిచినా గోడకి చెప్పుకున్నట్టే అయింది. పైగా అందరూ ఎంతో మర్యాదగా, "మీరు చెప్పింది నిజమేనండీ," అంటూనే చేతులెత్తేవారు, పూడ్చడానికి.

జంగారెడ్డిగూడెం వైపు నుంచి టిప్పర్లు ఎర్ర గ్రావెల్ తెచ్చి పోశాయి. అక్కడ కొండని తవ్వారు, ఇక్కడ పల్లాన్ని పూడ్చారు, రెండు చోట్లా పాడు చేసి చేతులు దులుపుకున్నారు. మెరక చేసిన జాగా ఖాళీగా ఎందుకని పది పెరళ్ళుగా పంచుకుని, మధ్య ప్రహరీలు లేపారు. ముందు ఆర్చి ఒకటే తక్కువ. పడమటి చివర పెరడు మా వాటాకి వచ్చింది.

ఆ వానాకాలం మా ఇళ్ళకేం కాలేదు. బోదె వెళ్ళి వెళ్ళి గ్రావెల్ కట్టకి తగిలి ఆగింది, నీళ్ళు వెనక్కి తన్ని పేటలోకి పోయాయి. అక్కడ అంగన్‌వాడీలో పనిచేసే టీచరమ్మ ఒక పొద్దున మా ఇంటికి వచ్చింది. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా తడిసి ఉన్నాయి. లోపలికి రమ్మంటే నేలంతా బురదవుతుందని గుమ్మంలోనే నిలబడింది. పిల్లల్ని చర్చి అరుగు మీద కూర్చోబెట్టి వచ్చానంది.

"మేడంగారండీ, చేనున్నప్పుడు నీళ్ళు పోయేయండి. ఇప్పుడు పోవట్లేదండి. మీరేమీ అనుకోకపోతే, ఎటైనా కాస్త దారి ఇప్పిస్తారాండి," అంది.

అనుకోవాల్సింది ఆవిడ. తిట్టాల్సింది ఆవిడ.

మళ్ళీ మీటింగు. పేట సంగతి చెబితే అందరూ అయ్యో అన్నారు. నీళ్ళు పోవాలంటే పడమటి గట్టు వెంట కాలవ తవ్వాలి, అది మా పెరడే. మీ వాటాలోంచి తవ్వుకుంటే మాకేం అభ్యంతరం లేదండీ అన్నారందరూ హాయిగా. కాలవ మురుగులోకి దిగే చోటు మా స్థలానికి సరిగ్గా నైరుతి మూల. వాస్తులో అంతకంటే చెడ్డ చోట గొయ్యి ఉండదట.

మా ఆయన వద్దన్నారు. ఎందుకంటే కొనేవాడట. నేను రోజూ పోట్లాడాను. ఇల్లు అమ్మేదెప్పుడు, కొనేదెవడు, వాడి ఊరేది, తీసుకురండి, నేనే మాట్లాడతానన్నాను. ఒకరోజు భోజనం మధ్యలో ఆయన కంచం పక్కకి జరిపారు.

"కొనేవాడెవడూ లేడు. నాకే భయం," అన్నారు.

తాడేపల్లిగూడెంలో వాళ్ళింట్లో సెప్టిక్ ట్యాంకుకి నైరుతిలో గొయ్యి తీశారట. ఆ ఏడే వాళ్ళన్నయ్య పచ్చకామెర్లతో పోయాడు. వాళ్ళమ్మ చనిపోయేదాకా ఆ గొయ్యినే తిట్టుకుందట. అన్నయ్య జబ్బుతో పోయాడని నాకు తెలుసు. గొయ్యి సంగతి ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కసారి కూడా చెప్పలేదు. నాకు జాలేసింది. ఆ జాలి వల్ల ఇంక పోట్లాడలేకపోతున్నానే అని కోపమూ వచ్చింది. లేనివాడితో ఎన్నాళ్ళయినా వాదించగలను. చనిపోయిన అన్నయ్యతో ఏం వాదించను?

కానీ ఆ టీచరమ్మ గుమ్మంలో నిలబడ్డ తీరు కళ్ళముందు నుంచి పోలేదు. మర్నాడు ఆయనతో, "ఇల్లు నా పేరున ఉంది. వచ్చేదేదో నాకే రానివ్వండి," అన్నాను. పొక్లెయిన్ వచ్చిన రోజు ఆయన ఆఫీసు పనుందని ఏలూరు వెళ్ళిపోయారు. కాలవ తవ్వాక ఒక పూటలో పేటలో నీళ్ళు తీసేశాయి. మూడెకరాల చేను చేసిన పని ఈ సన్నటి కాలవ ఎన్నాళ్ళు చేస్తుందో తెలీదు. మావాళ్ళు వచ్చి చూసి, మంచి పని చేశారండీ అని మెచ్చుకున్నారు. ప్రహరీ ఒక్కటీ కదల్లేదు.

పూడ్చేయమని మా ఆయన ఎప్పుడూ అడగలేదు. కానీ నేను తుమ్మితే పెరటి వైపు చూస్తారు. మోకాలు నొప్పంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, తిరిగొచ్చాక కాలవ గట్టు మీద నిలబడతారు. మొన్నామధ్య నాకు జ్వరమొస్తే, దాన్ని నింపడానికి ఎంత మట్టి పడుతుందో ట్రాక్టరతన్ని కనుక్కున్నారు. ఆయన్ని తిడదామంటే ఆయన కళ్ళల్లో భయం చూడలేను.

వారం నుంచి నాకు దగ్గు. వంటింట్లో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో దగ్గుతున్నాను. మిరియాల కషాయం ఆయన వాకింగుకి వెళ్ళాక కాచుకుంటున్నాను. వానలు ఇంకా వెనకబట్టలేదు. అవి పోయేదాకా నేను మంచాన పడడానికి వీల్లేదు. పడితే పేటలోకి నీళ్ళొస్తాయి.